మొక్క దాహము తెలుపు దీపము

నర్సరీ గొడవ ఎఱుగని పంచాయతీ సభ్యులు మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో అరుదు. 2015 జూలైలో తెలంగాణకు హరితహారము ఆరంభమైనది మొదలు మొక్కలు పెంచుట, నాటుట, బ్రతికించుట అనునవి పంచాయతీ పనులలో ముందువరుసకు వచ్చినవి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికియుండవలెనను బాధ్యతను గ్రామ పంచాయతీపై నుంచినది. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లెప్రగతి వలన ట్రాక్టరు, ట్యాంకరు ఊరూర చేరినవి. విత్తనము, సంచి, నీడవల, ట్యాంకరు అన్నియు సమకూరినవి. కాని మొక్కకు నీరెప్పుడు పోయవలెనను ప్రశ్నకు మాత్రము నేటికిని అలవాటే సమాధానము చెప్పుచున్నది.

ఒక వేసవిలో ప్రచారపు పనిమీద దేవరకొండ వైపు ఒక గ్రామమునకు పోయినపుడు అచ్చటి పంచాయతీ సమావేశములో కూర్చుండు అవకాశము నాకు కలిగినది. నర్సరీలో వేప, కానుగ, సీతాఫలపు మొలకలు చాలభాగము ఆకులు పసుపెక్కి వ్రాలిపోయినవి. నీరు పోయుటకు కుదుర్చుకొనిన స్త్రీ పని ఎగవేసినదనియు, ఆమె నెల కూలి ఆపవలెననియు ఒక సభ్యుడు ప్రతిపాదించెను. మఱియొకరు బలపఱచిరి. ఆమె గడపకడ నిలుచుండి, నన్నెవరో పెద్ద అధికారిననుకొని, “పొద్దుగాల పోస్తున్న, మాపటికి పోస్తున్న సారూ, ఇంకెన్ని నీళ్లు పొయ్యాలె?” అని అడిగినది. నేను ఆ శాఖవాడను కాను. ఆమెకు జవాబు చెప్పు అధికారమును నాకు లేదు. అయినను అందఱము లేచి నర్సరీకి పోయి ఒక సంచిని చీల్చి చూచితిమి. పై అంగుళము మన్ను పొడిగా, తెల్లగా నున్నది. దాని క్రింద బురద. వేళ్లు నల్లబడి, వ్రేలితో లాగినంతనే పై తొడుగు ఊడివచ్చుచున్నది. కుళ్లువాసన వేసినది. ఆ మొక్కలు చచ్చినది దప్పికచేత కాదు, మునకచేత.

వేరు నీటిని త్రాగుట మాత్రమే అందఱికి తెలియును. వేరు గాలిని కూడ పీల్చును. మట్టిరేణువుల నడుమనుండు సందులలో కొంత నీరు, కొంత గాలి ఉన్నపుడే అది బ్రతుకును. సందులన్నియు నీటితో నిండి, సంచి అడుగున రంధ్రములు పూడుకొనినచో, వేరునకు ఊపిరాడదు. అంతట కుళ్లు కలిగించు శిలీంధ్రములకు దారి యేర్పడును. విచిత్రమేమనగా కుళ్లిన వేరు నీటిని పైకి తీయలేదు గనుక ఆకు ఎండిన మొక్కవలెనే వాడిపోవును. వాడినదని మఱి రెండు చెంబులు పోయుదుము. మన ప్రాంతమున మే నెలలో 44, 45 డిగ్రీల ఎండకు సంచిలోని పైమన్ను రెండు గంటలలో పొడియగును. క్రింద నున్న తడి కంటికి కనబడదు. కావున పోయువారి తప్పు కంటె చూపునకు అందని దానిని చూపుతో తేల్చవలెననుటయే పెద్ద తప్పు.

అనుభవజ్ఞుడైన రైతు మన్ను చేతిలో పట్టి పిసికి, ఉండ కట్టినదా, పగిలినదా అని చూచి చెప్పగలడు. అంతకు మించిన విద్య లేదు. కాని వేలాది సంచులను విప్పి పిసుకుట సాధ్యము కాదు. సంచిని విప్పక లోపలి తడిని చెప్పు చిన్న విద్యుత్ పరికరమును మన ఊరి రేడియో, టీవీ మరమ్మతు చేయువాని చేతనే చేయించుకొనవచ్చును. సామగ్రి వెల సుమారు నూరు రూపాయలు. పంచాయతీ కార్యాలయపు వరండాలోని పూలకుండీకి, ఇంటి తులసికోటకు కూడ ఇదియే పనికివచ్చును.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున బుయుకోస్ అను శాస్త్రజ్ఞుడు 1940 లో తన సహచరునితో కలిసి, జిప్సము దిమ్మెలో రెండు లోహపు కొనలు పొదిగి భూమిలో పాతి, వాని నడుమ విద్యుత్తు ఎంత సులువుగా పారునో చూచి తడిని అంచనా కట్టు పద్ధతిని ప్రకటించెను. మన దేశమున కోయంబత్తూరులోని చెఱకు ప్రజనన సంస్థ రైతుల కొఱకు నాలుగు రంగుల దీపములు గల తేమ సూచికను రూపొందించినది. నీలిరంగు సమృద్ధిగా తడియున్నదనియు, ఆకుపచ్చ చాలినంత యున్నదనియు, నారింజ తక్కువైనదనియు, ఎఱుపు మిక్కిలి తక్కువైనదనియు తెలుపును. మనము చేయబోవునది వీని ముందు మిక్కిలి చిన్నది. ఒకే దీపము, ఒకే ప్రశ్న, నీరు పోయవలెనా, వద్దా.

కావలసిన సామగ్రి యిది. గోడగడియారములో వేయు చిన్న సెల్లులు రెండు, వానిని పట్టు పెట్టె, బి.సి. 547 అను ట్రాన్సిస్టరు ఒకటి, ఎఱ్ఱ ఎల్.ఇ.డి. దీపము ఒకటి, 220 ఓములది ఒకటి, 10 కిలో ఓములది ఒకటి, ఈ రెండు రెసిస్టరులు, 100 కిలో ఓముల వాల్యూమ్ ఒకటి, కాలింగుబెల్లు బొత్తామువలె నొక్కినంతసేపే పనిచేయు స్విచ్చి, ఒకే సైకిలు చక్రము నుండి తీసిన ఊచలు రెండు, ఆ ఊచలు దూరునంతటి వైరు తొడుగు, ప్లాస్టిక్ సబ్బుపెట్టె. రెసిస్టరు అనగా విద్యుత్తు దారిని ఇఱుకు చేయునది. వాల్యూమ్ అనగా ఆ ఇఱుకును త్రిప్పి తగ్గించుటకు, పెంచుటకు వీలైనది. పాత రేడియోలో చప్పుడు పెంచుటకు త్రిప్పెడిది ఇదియే.

కూర్పు చెప్పెదను, మరమ్మతు తెలిసినవానికి దీనిని చదివి వినిపించిన చాలును. సెల్లుల ధనధ్రువము నుండి తీగ స్విచ్చికి పోవలెను. స్విచ్చి రెండవ కొననుండి రెండు దారులు చీలును. మొదటి దారిలో 220 ఓముల రెసిస్టరు, దాని తరువాత దీపపు పొడుగుకాలు. దీపపు పొట్టికాలు ట్రాన్సిస్టరు యొక్క కలెక్టరునకు. రెండవ దారిలో 10 కిలో ఓముల రెసిస్టరు, దాని తరువాత వాల్యూమ్ యొక్క ఒక చివరికాలు. వాల్యూమ్ నడిమికాలు ట్రాన్సిస్టరు యొక్క బేసునకు. ఆ బేసునుండియే ఇంకొక తీగ మొదటి ఊచకు. ట్రాన్సిస్టరు ఎమిటరు నుండి ఒక తీగ రెండవ ఊచకు, ఒక తీగ సెల్లుల ఋణధ్రువమునకు. ట్రాన్సిస్టరు చదునుముఖము మనవైపు నుంచి కాళ్లు క్రిందికి పట్టినచో ఎడమనుండి కుడికి కలెక్టరు, బేసు, ఎమిటరు అను వరుస వచ్చును. సైకిలు ఊచకు మాటు సరిగా అంటదు. కావున కరెంటు పనివారు వాడు మరకనెక్టరులో తీగను, ఊచను కలిపి బిగించుట మేలు.

రెండు ఊచలను అంగుళము ఎడముగా సబ్బుపెట్టె అడుగున బిగించి, బయటికి నాలుగంగుళములు ఉండునట్లు కోయవలెను. పై రెండున్నర అంగుళములకు వైరు తొడుగు ఎక్కించి, క్రింది అంగుళమున్నర మాత్రము ఇనుము కనబడనీయవలెను. ఇది మఱవరాదు. తొడుగు లేనిచో, ప్రొద్దున చల్లిన నీటికి తడిసిన పైమన్నే విద్యుత్తును పారనిచ్చి, క్రింద ఎండియున్నను తడి యున్నదని పరికరము చెప్పును. మనకు కావలసినది వేరున్నచోటి వార్త.

ఇది పనిచేయు తీరు కాలువ నెఱిగినవారికి కష్టము కాదు. వాల్యూమ్ ద్వారా వచ్చు స్వల్ప విద్యుత్తు పంటకాలువవంటిది. ట్రాన్సిస్టరు బేసు దాని చివరనున్న మడి. ఊచల నడుమనున్న తడిమన్ను కాలువకు పడిన గండి. మన్ను తడిగానున్నపుడు గండి పెద్దది; విద్యుత్తు అటు జాఱిపోవును, మడికి నీరందదు, దీపము వెలుగదు. మన్ను ఎండినకొలది గండి పూడును. అంతట విద్యుత్తు బేసునకు చేరి ట్రాన్సిస్టరు తలుపు తెఱచును, ఎఱ్ఱదీపము వెలుగును. ఆ చిన్న ప్రవాహము పెద్ద ప్రవాహమును నడుపుటయే ట్రాన్సిస్టరు గొప్ప. దీపము వెలిగిన నీరు పోయవలెను, వెలుగనిచో పోయరాదు.

ఇక వాల్యూమును ఎంతవఱకు త్రిప్పి నిలుపవలెను? ఇందు తొందరపడినవారు పరికరమును నిందించి మూల పడవేయుదురు. మీ నర్సరీ మన్నుతో నింపిన సంచులు మూడు తీసికొని, నిండుగా నీరు పోసి, రాత్రంతయు వడియనిచ్చి, ఉదయమున తూచి బరువు వ్రాసికొనవలెను. తరువాత నీరు పోయక, మొక్క ప్రొద్దుటి పూట కూడ ఆకు వాల్చు స్థితికి వచ్చినపుడు మరల తూచవలెను. ఈ రెండు బరువులకు నడిమి బరువే నీరు పోయదగిన అదను. ఆకు వాలు వఱకు ఆగుట మొక్కకు హింస. మూడు సంచుల మొక్కలకై జాలిపడక ఈ పరీక్ష ఒకమారు చేసిన తక్కిన వేల మొక్కలకు మేలగును. సంచులను మరల తడిపి, నడిమి బరువునకు దిగినదినమున ఊచలు గ్రుచ్చి, స్విచ్చి నొక్కుచు, దీపము అప్పుడే వెలుగునట్లు వాల్యూమ్ త్రిప్పి, అచ్చట రంగుతో గీత పెట్టవలెను. ఇఱుకు పెంచిన వైపు త్రిప్పినకొలది మన్ను మఱింత ఎండినగాని దీపము వెలుగదు. చలకమన్నుకు వేయు గీత రేగడికి పనికిరాదు; రెండును వాడువారు రెండు గీతలు పెట్టుకొనవలెను. వాల్యూమ్ చివరివఱకు త్రిప్పినను తడిసంచిలో దీపము ఆరనిచో తొడుగును మఱి అర అంగుళము కోసి, ఇనుము ఎక్కువ తగులనీయవలెను.

ప్రతి దినము వాడుటకు ముందు రెండు చిన్న పరీక్షలు చేయుట విధి. ఊచలను గాలిలో ఉంచి స్విచ్చి నొక్కుడు, దీపము వెలుగవలెను. ఊచల కొనలను ఒక నాణెముతో కలిపి నొక్కుడు, ఆరవలెను. ఈ రెండును కాకయే మన్నులో గ్రుచ్చరాదు. ఏలయన దీపము వెలుగకుండుటకు తడి యొక్కటే కారణము కాదు. సెల్లు చచ్చినను వెలుగదు. చచ్చిన సెల్లును నమ్మి నాలుగుదినములు నీరు మానినవారి మొక్కల గతి చెప్పనక్కఱలేదు.

గాలిలో దీపము వెలుగనిచో ముందు సెల్లులు మార్చి చూడవలెను. అప్పటికిని వెలుగనిచో కలెక్టరును, ఎమిటరును ఒక తీగముక్కతో కలిపి స్విచ్చి నొక్కవలెను. అపుడు వెలిగినచో సెల్లులు, స్విచ్చి, దీపము మంచివే. దోషము ట్రాన్సిస్టరులోనో, వాల్యూమ్ దారిలోనో కలదు. అపుడును వెలుగనిచో దీపపు కాళ్లు తాఱుమాఱైనవేమో, మాటు ఊడినదేమో చూడవలెను. ఊచలు కలిపినను దీపము ఆరనిచో ఊచకు పోవు తీగ తెగియుండును. లేదా ట్రాన్సిస్టరు కాలిపోయి యుండును. సోల్డరింగు కడ్డీని దానిపై చాలసేపు ఉంచినందున కాలుట సామాన్యము. దాని వెల స్వల్పము, మార్చివేయుట మంచిది. ఒక్కొక్కమారు సబ్బుపెట్టె అడుగున తడిమన్ను అంటుకొని రెండు ఊచలకును వంతెన కట్టును. గాలి పరీక్షలో ఇది వెంటనే బయటపడును. పొడిగుడ్డతో తుడిచిన సరి.

పరీక్షలు నెగ్గియు మన్నులో అబద్ధమాడినపుడే అసలు చిక్కు. తడియున్నను దీపము వెలిగినచో, ఊచ చుట్టును మన్ను వదులుగా నున్నదని అనుమానింపవలెను. మన ఎఱ్ఱచలకలో గులకరాళ్లు ఎక్కువ. రాయి తగిలి ప్రక్కకు జరిగిన ఊచకు మన్ను అంటదు. రేగడి ఎండి నెఱ్ఱెలు వాఱినపుడు ఊచను వదలి దూరమగును. పాతరంధ్రములోనే మరల గ్రుచ్చుట కూడ ఇట్టిదే. వేఱుచోట గ్రుచ్చి, ప్రక్కమన్నును వ్రేలితో నొక్కి చూడవలెను. బొత్తాము మీది వ్రేలు తీయక చాలసేపు ఉంచుటయు తగదు. ఒకేదిశగా పారు విద్యుత్తు ఊచల ముఖమున ఒక అడ్డుపొరను కలిగించును, అందువలన తడిమన్నుకూడ ఎండినట్లు కనబడును. రెండు లెక్కించునంతలో చూచి వ్రేలు తీయవలెను. త్రుప్పు పట్టిన ఊచను గరుకు కాగితముతో రుద్దవలెను. ఒక ఊచ పోయినదని దాని స్థానమున రాగితీగ పెట్టువారున్నారు, అది కూడదు. రెండు వేఱు లోహములు తడిమన్నులో చేరినచో అదియే ఒక సెల్లుగా మాఱి, తన విద్యుత్తును కలిపి లెక్క చెఱచును. మార్చిన రెండును మార్చవలెను.

ఎండియున్నను వెలుగకుండుట ఇంతకంటె ప్రమాదకరము. ఇందు నాకు కలిగిన అవమానము చెప్పకుండుట న్యాయము కాదు. పై గ్రామముననే సభ్యులందఱి యెదుట మొదటి ప్రదర్శన చేసితిని. నీడవల క్రింది వరుసలలో దీపము చెప్పినదంతయు సరిపోయినది. బోరుబావి ప్రక్క వరుసకు పోయి గ్రుచ్చగా, బూడిదవలె ఎండిన సంచిలో దీపము వెలుగలేదు. ఒకటి కాదు, ఆఱు సంచులు. సభ్యులు నవ్విరి. సెల్లులు మార్చితిని, తీగలు కదిపితిని. ఆ నీరు పోయు ఆమెయే, “గీ వరుసకు బోరు నీళ్లు సారూ, ఆ వరుసలకు ట్యాంకరు నీళ్లు” అని చెప్పినది. సంచి అంచున తెల్లని పొక్కు కట్టియున్నది. అది ఉప్పు.

నల్లగొండ భూగర్భజలమున ఫ్లోరైడు కలదని లోకమంతయు నెఱుగును. ఈ పరికరమును మోసగించునది ఫ్లోరైడు కాదు. లోతుబోరులలో దానితోపాటు కరగియుండు సున్నము, సోడా మొదలగు లవణముల మొత్తము. స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు పారుట మిక్కిలి తక్కువ. దానిని మోయునవి కరగిన లవణములే. కావున ఉప్పుమన్నులో కొద్దిపాటి తడికే పెద్ద గండి పడును. చౌడునేల, బూడిద కలిపిన మన్ను, క్రొత్తగా యూరియా వేసిన సంచి అన్నియు ఇట్లే అబద్ధమాడును. బోరునీటి వరుసకు వేఱుగా తూకపు పరీక్ష చేసి వేఱు గీత పెట్టుకొనుటయే మార్గము. ఉప్పు రోజురోజునకు పేరుకొనును గనుక నెలకొకమారు ఆ గీతను సరిచూడవలెను. ఎరువు వేసిన వారము పరికరమును నమ్మక చేతిని నమ్మవలెను. పొక్కు కట్టిన సంచులకు వీలైనపుడు ట్యాంకరులోని మంచినీటిని అడుగునుండి కాఱునంతగా ఒకమారు పోసి ఉప్పును కడిగివేయుట మొక్కకును మేలు. లవణములచేత ఇంతగా మోసపోని కెపాసిటివ్ సూచికలు అంగడిలో దొఱకును; వానిలో లోహము మన్నుకు తగులదు. కాని వానినుండి వచ్చు సంకేతమును చదువుటకు మఱియొక పరికరము కావలెను గనుక వానిని ఇచ్చట వర్ణింపలేదు.

వేడి కూడ లెక్క మార్చును. డిగ్రీ పెరిగినకొలది మన్నులో విద్యుత్తు నూటికి రెండువంతులు సులువుగా పారును. ఉదయము 25 డిగ్రీలున్న సంచి మధ్యాహ్నము 40 కి చేరినచో తేడా స్వల్పము కాదు. అందువలన ప్రతిదినము ప్రొద్దున ఒకే వేళకు చూడవలెను. గీత పెట్టినదియు ఆ వేళకే కావలెను.

అన్ని సంచులను గ్రుచ్చ నక్కఱలేదు. ఒక్కొక్క మడిలో అంచున రెండు, నడుమ మూడు సంచులు చూచినచాలును. అంచు సంచులు గాలికి ముందుగా ఎండును. వానిని మాత్రమే చూచి మడియంతటికి పోయుట పాతతప్పునకే క్రొత్తవేషము. ఐదింటిలో మూడు వెలిగిన మడికి నీరు. లేనిచో అంచులకు మాత్రమే. చూచినది, పోసినది, ట్యాంకరు ఎన్నిమార్లు తిరిగినది నర్సరీ పుస్తకములో తేదీతో వ్రాయవలెను. ఆ వ్రాత ఉన్నయెడల మొక్క చచ్చినపుడు ఎవరి కూలి ఆపవలెనను చర్చకు ముందు పుస్తకమును విప్పు వీలుండును.

ఆ గ్రామమున కూలి ఆపు ప్రతిపాదనను తెచ్చిన సభ్యుడే మఱుసటి సమావేశములో దానిని వెనుకకు తీసికొనెను. పరికరము ఇపుడు ఆమెవద్దనే యున్నది. సద్దిగిన్నె సంచిలో పెట్టుకొని వచ్చును. ట్యాంకరు వరుసలకు పచ్చగీత, బోరువరుసకు ఎఱ్ఱగీత ఆమె పెట్టుకొనినవే.

తొలకరి పడి నర్సరీకి నీటి అవసరము తగ్గినపుడు సెల్లులు తీసివేసి, ఊచలను తుడిచి, కొంచెము కొబ్బరినూనె రాచి పొడిచోట ఉంచవలెను. మరల వాడునపుడు ఆ నూనెను సబ్బుతో కడిగి, గరుకు కాగితముతో రుద్దినగాని గ్రుచ్చరాదు. నూనె పొర ఉన్నంతవఱకు సంచులన్నియు ఎండినవనియే దీపము చెప్పును.